బయటూరి ఆట

ఏప్రిల్ 18, 1993, ఆదివారం

మూడు సున్నా.

ప్రొద్దుటూరు మన జమ్మలమడుగుకు పక్కూరే. గంట దావ. అయినా మూడు సున్నా.

రాయబుద్ధి కావడం లే.

ఏప్రిల్ 19, సోమవారం

నిద్ర పట్టలే. కండ్లు మూస్తే మూడో గోలే కనపడతాంది. మా బ్యాకులిద్దరూ నిలబడే ఉండారు. బంతి వాళ్ల మధ్యలో నుంచి నిదానంగా పోయింది. కాలు చాపితే అందుతాది. ఒక్కరూ చాపలే. చాపే శక్తి లేదు.

హాఫ్ టైం దాకా ఆట మనదే. మొదటి విజిల్ నుంచి మీద పడి ఆడినాం. నేను చెప్పిందే అది. ప్రొద్దుటూరోళ్లు ఉరకలే, మమ్మల్ని ఉరికించినారు. ఆ తెలివి నాకు హాఫ్ టైంలో కూడా రాలే. మా పిల్లోళ్లు సోడాలు తాగుతాంటే మెచ్చుకోలుగా చూస్తా నిలబడినా. మళ్లీ గ్రౌండులోకి దిగినాక నూర్ అహ్మద్‌కు పిక్క పట్టేసింది. ఇంకొకడు గీత కాడ వాంతి చేసుకున్యాడు. ఆ తర్వాత వరసగా మూడు.

కమాల్ బాషా గోల్‌లో నిలబడి అన్నీ చూసినోడు. టీంలో అందరికన్నా పెద్దోడు, డిపోలో మెకానిక్. మాట తక్కువ. వచ్చేటప్పుడు బస్సులో అన్నాడు:

“సార్, మనం గ్రౌండులో ఓడిపోలే. పోయేటప్పుడు ఈ బస్సులోనే ఓడిపోయినాం.”

నిజమే. పన్నెండున్నర బస్సు. సీట్లు లేవు. సగం మంది నిలబడి, ముగ్గురు టాపు మీద రేకు కాలుతాంటే తుండుగుడ్డలు పరుచుకోని. ఆడేదానికి ముందే రసమంతా పిండేసినాం.

స్కూల్లో డ్రిల్లు మాస్టర్ని. యూనివర్సిటీకి ఆడినోన్ని. ఇంత చిన్న సంగతి మెకానిక్ చెప్పాల్సొచ్చింది.

ఏప్రిల్ 20, మంగళవారం

మనం, ప్రొద్దుటూరు, పులివెందుల. ఈ మూడూర్ల కప్పులో ప్రతి టీమూ ఒకసారి సొంతూర్లో, ఒకసారి బయటూర్లో ఆడాల. పైన నిలిచిన ఇద్దరికీ ఫైనల్, అది పులివెందుల పెద్ద గ్రౌండులో. అంటే మనం గెలవాలంటే ఎట్లయినా పులివెందులలో రెండుసార్లు ఆడాల. ముద్దనూరు మీదుగా రెండు గంటల పైన ప్రయాణం. మే నెల.

పొద్దంతా ఇదే ఆలోచన. బయటూరి ఆట వేరు, సొంతూరి ఆట వేరు. సొంతూర్లో బంతిని తరుముకోవచ్చు. బయటూర్లో బంతిని దాచుకోవాల. మొదటి సగం నీడ పడే పక్కన ఆడాల, ఎండ పక్క వాళ్లకు వదిలేయాల. సోడాలు కాదు, ఉప్పేసిన మజ్జిగ, గుక్క గుక్క. అన్నిటికన్నా ముఖ్యం, ముందురోజు సాయంకాలమే పోయి ఆడనే పండుకోవాల.

దానికి బండి కావాల. పండుకునేదానికి చోటు కావాల. రెండూ లేవు.

ఏప్రిల్ 22, గురువారం

సుబ్బరాయుడన్న పిలిపించినాడు. ఆయన నాపరాళ్ల గనుల కాడికి పోయినా. రేకుల షెడ్డులో టేబుల్ ఫ్యాను, బయట ఇద్దరు మనుషులు. ఆయన యాడ ఉంటే ఆడ ఇద్దరు ఉంటారు. వచ్చే ఎలక్షన్లో పార్టీ టికెట్టు ఆయనకేనని ఊరంతా అనుకుంటాండారు.

“ఏం అయివారూ, మూడు కొట్టించుకోని వచ్చినారంట?”

“ఎండన్నా. ప్రయాణం.”

“ఎండ వాళ్లకు లేదా?”

చెప్పినా. వాళ్లు ఇంట్లో తిని నీడన పండుకోని లేసొచ్చినారని, మావోళ్లు ఎండలో వేగి పోయినారని. బంతిని ఎట్ల దాచుకోవాల్నో టేబుల్ మీద అగ్గిపుల్లలు పెట్టి చూపించినా. ఆయన ముందుకు వంగి విన్నాడు. ఇంతవరకు ఎవురూ నా మాట అట్ల వినలే. స్కూల్లో హెడ్మాస్టరు కూడా.

“నీకేం కావాల చెప్పు.”

చెప్పినా.

“నా లారీ తీస్కో. లింగాల కాడ మా బామ్మర్ది చీనీతోట ఉండాది. బోరు ఉండాది, చల్లగా ఉంటాది, ఎంతమందైనా పండుకోవచ్చు. బనీన్లు కడపలో కుట్టిస్తా. పచ్చవి.” ఆపి, ఇంకో మాట అన్నాడు. “పెన్న ఒడ్డున గవర్నమెంటు బీడు ఉండాది గదా. నేను గెలిస్తే ఆడ మీకు గోడ కట్టిన గ్రౌండు.”

ఇంటికొచ్చి కరుణకు చెప్పినా. ఆస్పత్రి డ్యూటీకి పోయేదానికి తెల్ల చీర కట్టుకుంటాంది.

“ఆయప్పకు బంతాట మీద ప్రేమ ఎప్పుడు పుట్టింది?” అనింది.

ఎవురి ప్రేమ ఎట్లుంటే నాకేం. నాకు ఆట తప్ప ఇంకేం తెలీదు.

ఏప్రిల్ 25, ఆదివారం

సొంతూర్లో పులివెందులతో ఒకటి ఒకటి. వాళ్ల కెప్టెన్ అబ్దుల్ సత్తార్ మంచి ఆటగాడు. చీనీకాయల మండీలో గుమాస్తా అంట. నూర్ అహ్మద్ కింద పడితే చెయ్యిచ్చి లేపినాడు, మళ్లీ ఆ వెంటనే వాని కాళ్లల్లో నుంచి బంతి తీసకపోయినాడు.

ఏప్రిల్ 29, గురువారం

బనీన్లు వచ్చినాయి. ఆకుపచ్చ, వీపు మీద పసుపు నెంబర్లు. పదైదు ఉండాయి. మేం పదముగ్గురం.

సుబ్బరాయుడన్నను అడిగితే, “మనోళ్లు ఇద్దరు వస్తారులే, సామాన్లు మోసేదానికి. వాళ్లకూ ఒకటొకటి ఏసియ్యి, ముచ్చటగా ఉంటాది” అన్నాడు. ఎన్నింటికి బయల్దేరేది, పోలీసు చెకింగ్ కాడ ఎవరు ముందు కూచునేది, తోటలో ఎవరు యాడ పండుకునేది, అన్నీ ఆయనే అడిగి తెలుసుకున్యాడు.

పెద్దోళ్ల శ్రద్ధే వేరు.

మే 2, ఆదివారం

గెలిచినాం! పులివెందులలో, వాళ్ల గ్రౌండులో, ఒకటి సున్నా!

మొదట్నుంచి రాస్తా. నిన్న నాలుగు దాటినాక లారీ ఎక్కినాం. నేను డ్రైవరు పక్కన. ముద్దనూరు కాడికి వచ్చేసరికి పొద్దు వాలింది, గాలి తిరిగింది. పిల్లోళ్లు వెనకాల పాటలు. ఆ ఇద్దరూ మూలన కూచున్నారు, పద్నాలుగు పదైదు నెంబర్ల బనీన్లేసుకోని. ఒకాయనకు చెవి కింద కత్తిగాటు. ఇంకొకాయన సన్నగా, దగ్గుతా. పాటలు పాడలే. వాళ్ల ముందర గోనెసంచి.

ముద్దనూరు దాటినాక పోలీసులు ఆపినారు. ఈమధ్య అన్ని బండ్లూ ఆపుతాండారు. మా వెనక జీపులోనోళ్లను అందర్నీ దింపి చూసినారు. కానిస్టేబులు లారీలోకి తొంగి చూసి పచ్చ బనీన్లు చూసి నవ్వినాడు.

“ప్లేయర్లా? పోండప్పా పోండి. గెలవండి.”

తోట స్వర్గమే. చీనీచెట్ల కింద తడి నేల, బోరు నీళ్లు. జొన్నరొట్టెలు, పుంటికూర తిని తొందరగా పండుకున్నాం. పొద్దున లేసి చూస్తే ఒక్కని మొగం మీద కూడా అలసట లేదు.

ఆట నాలుగింటికి. మొదటి సగం ఉరకొద్దన్నా. ఎంత తిట్టినా, ఎంత ఎగతాళి చేసినా ఉరకొద్దు. బంతిని పడమర పక్కనే తిప్పినాం, ఆ పక్క గోడ నీడ పడతాది. పులివెందులోళ్లు ఎండలో మా చుట్టూ తిరిగి తిరిగి నోళ్లు తెరిచినారు. జనం “ఆడండ్రా” అని అరిచినారు. మేం ఆడలే, దాచుకున్యాం. ఐదు దాటినాక నూర్ అహ్మద్‌ను వదిలినా. వాడు ఎదురుగాలికి పక్షి మాదిరి పోయినాడు. ఒక్క గోల్. చాలు.

ఆట అయినాక సత్తార్ నా కాడికొచ్చి, “సార్, మమ్మల్ని ఉడకపెట్టి తిన్నారు” అని చెయ్యి కలిపినాడు.

నా ఆలోచన. నా ఆలోచన గెలిచింది.

ఆ ఇద్దరూ పొద్దున తోటలో కనపడలే. వచ్చేటప్పుడు కూడా ఎక్కలే. బస్సులో వస్తారులే అన్నాడు డ్రైవరు.

మే 3, సోమవారం

పేపర్లో లోపలి పేజీలో ఏదో ఉండాది. లింగాల పక్కన ఒక ఊర్లో మండల ప్రెసిడెంటు నారాయణప్ప కాడ పనిచేసే మేనేజరు ఇంటి మీద శనివారం రాత్రి బాంబులేసినారంట. నారాయణప్పకూ సుబ్బరాయుడన్నకూ ఏండ్ల నుంచి పగ ఉండాది.

వాళ్ల గొడవలు వాళ్లవి. మాకేం సంబంధం.

మే 4, మంగళవారం

ప్రాక్టీసు బాగా జరిగింది. కమాల్ బాషా బనీన్లు మడతపెడతా, “సార్, పద్నాలుగూ పదైదూ తిరిగి రాలే” అన్నాడు.

“మళ్లీ కుట్టించుకుందాంలే.”

వాడు బనీన్లు మళ్లీ ఒకసారి లెక్కపెట్టినాడు.

మాకేం సంబంధం.

మే 6, గురువారం

కరుణ అన్నం తినకుండా కూచుంది. నేను తింటాంటే చూస్తా ఉంది.

“శనివారం మీరు యాడ పండుకున్నారు?”

“లింగాల కాడ. చెప్పినా గదా.”

“మా వార్డులో ఒకామె ఉండాది. మొన్న కడప నుంచి ఈడికి తెచ్చినారు. రేపు మధ్యాహ్నం నాకు క్యారియర్ తీసకరా. ఆమె చెప్పేది నువ్వే విను. నేను చెప్పను.”

మే 7, శుక్రవారం

పోయినా.

ఆమె పేరు లక్ష్మీకాంతమ్మ. మేనేజరు ఇంట్లో గొడ్ల పని చేస్తాది. ఎడమచేతికి మణికట్టు కాడి నుంచి కట్టు. కట్టు పొట్టిగా ఉండాది. యాడ ఆగాల్నో ఆడికంటే ముందే ఆగిపోయింది.

కరుణ ఆమె పక్కన కూచోని, నా మొగం చూడకుండా, “ఆరోజు సంగతి మా ఇంటాయనకు చెప్పక్కా” అనింది.

“ఏముందప్పా చెప్పేదానికి. ఉక్కగా ఉందని వాకిట్లో పండుకున్యా. కుక్కలరిస్తే లేసినా. తోటల దిక్కు నుంచి ఇద్దరు వచ్చినారు. నేను బయపడలే. ఎందుకంటే బంతాట పిల్లోళ్లనుకున్యా. అట్లాంటి బనీన్లు. పచ్చవి, వీపున నెంబర్లు. మర్నాడు పులివెందులలో బంతాట ఉందని ఊర్లో అనుకుంటాన్యారు. దావ తప్పినారేమో, ఎవురు నాయనా అని అడిగేదానికి లేసి ఎదురుపోయినా.”

ఎదురుపోయినా, అనింది ఆమె.

“ఒకాయన దగ్గినాడు. ఇంగ అంతే.”

క్యారియర్ నా చేతిలోనే ఉండిపోయింది. కరుణ వచ్చి తీసుకుంది. వరండాలో నన్ను నిలబెట్టి, “మీ బనీన్లేనా?” అనింది.

“పచ్చ బనీన్లు ఎవురికైనా ఉంటాయి.”

“మీ బనీన్లేనా?”

ఆమె వార్డులోకి పోయింది.

మే 8, శనివారం

పచ్చ బనీన్లు ఎవురికైనా ఉంటాయి.

మే 9, ఆదివారం

సొంతూర్లో ప్రొద్దుటూరు మీద రెండు సున్నా. ఫైనల్‌కు పోయినాం. పులివెందులతోనే, వచ్చే ఆదివారం, పులివెందులలోనే. జనం నన్ను భుజాల మీదికి ఎత్తినారు. సుబ్బరాయుడన్న కారులో కూచోని చెయ్యి ఊపినాడు.

పోయినేడు ఇట్లాంటి రోజు వచ్చి ఉంటే ఎంత బాగుండు.

మే 12, బుధవారం

షెడ్డుకు పోయినా. పోయేటప్పుడు దావంతా అనుకుంటా పోయినా: ఆ ఇద్దరూ ఎవరన్నా, అని అడగాల. ఒక్క మాటే.

ఆయన నాకు కుర్చీ వేయించినాడు. మజ్జిగ తెప్పించినాడు. ఉప్పేసింది.

“చూసినావా, నీ మాట గుర్తుంది నాకు.” నవ్వినాడు. “శనివారం సాయంకాలం లారీ. తోట. అంతా మామూలే. ఫైనల్లో కప్పు ఇచ్చేది ఎవురో తెలుసా? నారాయణప్ప. ముందు వరసలో కూచుంటాడంట, షామియానా కింద.”

అడగాలనుకున్నది అడగలే. దానికి బదులు ఇంకో మాట వచ్చింది.

“ఈసారి బస్సులో పోతామన్నా. ఆదివారం మధ్యాహ్నం.”

ఆయన సిగరెట్టు ముట్టించినాడు.

“మధ్యాహ్నం? మూడు కొట్టించుకున్న బస్సులోనా? ఎండా ప్రయాణమూ అని నాకు పాఠం చెప్పింది నువ్వే గదా అయివారూ.”

“తోట నీళ్లు పడలే పిల్లోళ్లకు. కడుపులు చెడినాయి.”

అబద్ధం. ఆయనకూ తెలుసు.

“సరే. నీ టీము, నీ ఇష్టం.” సిగరెట్టు ఆర్పినాడు. “మనోళ్లు నేరుగా గ్రౌండుకే వస్తారులే. మీ పక్కన కూచుంటారు, మీవోళ్ల మాదిరే.” నేను లేసినాక, వెనక నుంచి: “మీ ఇంటామె ఆస్పత్రిలో గదా చేసేది? మంచి మనిషంట. పేషెంట్లు నొప్పిలో ఏమేమో మాట్లాడతారు. చెవిన ఏసుకోవద్దని చెప్పు.”

బయట ఉన్న ఇద్దరూ నాకు దావ ఇచ్చినారు. ఒకాయన దగ్గినాడు.

మే 13, గురువారం

కరుణకు ఆ మాట చెప్పలే. చెప్పకపోయినా ఆమె తలుపు గొళ్లెం రెండుసార్లు చూసుకుంటాంది.

పోలీసుల కాడికి పోవాల్నా? పోయి ఏం చెప్పాల? నేను చూసింది ఏముండాది? ఒక దగ్గు.

అసలు ఫైనల్‌కే పోకపోతే? పిల్లోళ్లకు ఏమని చెప్పాల? నేను పోకపోయినా ఆ బనీన్లు పోతాయి. మా పేరు మీద పోతాయి.

మే 14, శుక్రవారం

కమాల్ బాషా ఇంటికి పోయినా. వాడే ముందన్నాడు.

“సార్, ఒక మాట. ఆ లారీ నేను ఎక్కను. మీరు కోప్పడినా సరే.”

“ఎవురూ ఎక్కడం లే. బస్సులో పోతాం.”

మేమిద్దరం ఆ సంగతి మాట్లాడలే. మాట్లాడినట్లే అయింది.

వాని భార్య ఖమ్రున్నీసా మిషన్ కుడతాది. తెల్ల బనీన్లు కొని తెస్తే నెంబర్లు వేసిస్తావామ్మా అని అడిగినా.

“పచ్చవి ఉండాయి గదా అన్నా, అంత ఖర్చు పెట్టి కుట్టించినవి?”

“ఎండకు తెల్లది మంచిది.”

ఆమె భర్తను చూసింది. కమాల్ బాషా తల ఊపినాడు. ఎర్రగుడ్డ తీసి కత్తిరించేదానికి కూచుంది. ఎవురికీ చెప్పొద్దన్నా. ఎందుకని అడగలే.

ఎండకు తెల్లది మంచిదే. పుస్తకాల్లో కూడా ఉండాది.

మే 15, శనివారం

బస్సులో పోయే టీము ఎట్ల ఆడాల? దిగేసరికే సగం ప్రాణం పోయి ఉంటాది. ఆ సగం ప్రాణంతోనే ఆటంతా నడపాల.

బంతి దాచుకునేదానికి కూడా శక్తి ఉండదు. అందుకని బంతి వాళ్లకే ఇచ్చేస్తాం. గోల్ ముందర గుంపుగా నిలబడతాం. మీద పడేది ఎప్పుడూ ఇద్దరే. వాళ్లు అలసిపోతే ఇంకిద్దరు. మిగిలినోళ్లు నిలబడాల, ఊపిరి పీల్చుకోవాల. త్రోలు నిదానం. నూర్ అహ్మద్ ఒక్కడే ముందర, గోడ నీడలో, కదలకుండా. చివర్లో వానికి ఒక్క బంతి. అంతే మన ఆట.

గెలిచే ఆట కాదు. నిలబడే ఆట.

కరుణ బైబిలు చదువుతాంది. రోజూ మాదిరి పైకి చదవడం లే.

మే 17, సోమవారం

నిన్న రాయలేకపోయినా.

బస్సు మధ్యాహ్నం బయల్దేరింది. పిల్లోళ్లు సణిగినారు. నీళ్లు తడిపిన తుండుగుడ్డలు తలకు కట్టించినా, సీటు దొరికినోళ్లు దొరకనోళ్లు వంతులేసుకోని కూచునేటట్లు చేసినా. ముద్దనూరు కాడ మజ్జిగ. ముద్దనూరు దాటినాక పోలీసులు బస్సులోకెక్కి సంచులన్నీ విప్పి చూసినారు. చూడనీ అనుకున్యా. ఇంకా చూడనీ.

గ్రౌండులో తెల్ల బనీన్లు తీసి ఇచ్చినా. “పచ్చవి ఏవి సార్?” అన్నాడు నూర్ అహ్మద్. “ఇంటికాడ ఉండాయి. ఏసుకో.”

షామియానా కింద నారాయణప్ప. బక్కపలచని మనిషి, తెల్ల టవలుతో విసురుకుంటాండాడు. పక్కన పెండ్లాం, ఇంకా ఎవరెవరో ఆడోళ్లు, చిన్నపిల్లోళ్లు. నేను ఊహించుకున్న మనిషి మాదిరి లేడు.

ఆట అనుకున్నట్లే నడిచింది. వాళ్లు కొట్టినారు, మేం నిలబడినాం. కమాల్ బాషా రెండు బంతులు యాడ నుంచి పట్టినాడో నాకే తెలీలే. జనం మమ్మల్ని శానా బూతులు తిట్టినారు. హాఫ్ టైంకు సున్నా సున్నా. పిల్లోళ్ల పెదాలు తెల్లగా ఎండిపోయినాయి, కానీ కండ్లలో జీవముంది.

రెండో సగం మొదలైనాక నా పక్కన బెంచీ కదిలింది.

ఇద్దరూ వచ్చి కూచున్నారు. పచ్చ బనీన్లు. చెవి కింద గాటు ఉన్నాయన ఒళ్లో గుడ్డసంచి. గేటు కాడ ప్లేయర్లమని చెప్పి వచ్చినట్లుండారు. గ్రౌండును చూసినారు, మా పిల్లోళ్లను చూసినారు, వాళ్ల బనీన్లు వాళ్లు చూసుకున్నారు.

“ఏంది అయివారూ ఇది?” మెల్లగా అడిగినాడు.

“ఎండకు తెల్లది మంచిది.”

“సరేలే. ఎవరన్నా అడిగితే మేం ఎక్స్‌ట్రా ప్లేయర్లమని చెప్పు. ఆట అయిపోయేటప్పుడు పోతాం. నువ్వు ఇట్ల చూడొద్దు, ఆట చూడు.”

ఆట చూసినా. ఎంతసేపో తెలీదు. బంతి కనపడలే. సంచి మీద ఆయన చెయ్యి పెట్టుకున్న తీరు కనపడింది, గుడ్డు పట్టుకున్నట్లు. సన్నటాయన దగ్గినాడు. షామియానా కింద ఒక పాప ఐసుఫ్రూట్ తింటాంది. ఎవురు నాయనా అని అడిగేదానికి లేసి ఎదురుపోయినామె గుర్తుకొచ్చింది.

లేసినా. ఆట జరుగుతాంటేనే గీత దాటి గ్రౌండులోకి నడిచినా. రిఫరీ విజిలేసి, “కోచ్, బయటికి పో!” అని అరిచినాడు. నేను పోలే. సగం గ్రౌండు దాటినాక, సంచికి దూరమైనాక, వెనక్కి తిరిగి చెయ్యి చాపినా.

“ఆ పచ్చ బనీన్లోళ్లు మా టీం కాదు! మా టీం తెల్లది! వాళ్ల సంచి చూడండి!”

నా గొంతు అంత పెద్దదని నాకు తెలీదు. స్కూల్లో డ్రిల్లు చెప్పే గొంతు.

గ్రౌండులో అంతమంది ఉండారు, పచ్చ బనీన్లు రెండే. ప్రతి కన్నూ వాళ్ల మీద పడింది. సన్నటాయన లేసి ఉరికినాడు, గోడ కాడ జనం పట్టుకున్నారు. గాటు ఉన్నాయన ఉరకలే. సంచి ఒళ్లో పెట్టుకోని కూచున్నాడు. కదిలితే ఏమైతాదో ఆయనకే తెలుసు. పోలీసులు దూరంగా నిలబడి, “కింద పెట్టు, మెల్లగా పెట్టు” అంటాండారు. ఆయన నన్నే చూస్తాండాడు. శానాసేపటికి సంచి నేల మీద పెట్టి చేతులెత్తినాడు. రంపంపొట్టులో నాలుగు బాంబులు ఉండాయంట.

జనం అప్పుడు మా మీదికి తిరిగినారు. “జమ్మలమడుగోళ్లంతా ఒకటే! వీళ్లే తెచ్చినారు!” రాయి ఒకటి నూర్ అహ్మద్ భుజానికి తగిలింది. కమాల్ బాషా గోల్ వదిలి వచ్చి పిల్లోళ్ల ముందర చేతులు చాపి నిలబడినాడు.

అప్పుడు సత్తార్ అడ్డమొచ్చినాడు. వాళ్ల కెప్టెన్.

“మామా, ఆగండి! కండ్లుండాయా మీకు? వాళ్లను పట్టిచ్చింది ఎవరు? ఈ అయివారు అరవకుంటే మీ ఆడోళ్లు, మీ పిల్లోళ్లు ఏమయ్యేవాళ్లు?” నా దిక్కు తిరిగి, మెల్లగా, “ఇంకా ఆట ఉండాది సార్. ఆడదామా? ఇప్పుడు ఆపితే మిమ్మల్ని గేటు దాటనియ్యరు. ఆడితే ఆటగాళ్లు.”

ఆడినాం. నారాయణప్పను పోలీసులు తీసకపోయినారు. షామియానా కింద ఖాళీ కుర్చీలు. మా పిల్లోళ్లు ఏడుస్తా ఆడినారు, వాళ్లూ సరిగా ఆడలే. చివర్లో నూర్ అహ్మద్‌కు అనుకున్న ఒక్క బంతి పోయింది. వాడు పోయినాడు, ఒంటరిగా పోయినాడు, కొట్టినాడు. పైకంబీకి తగిలి బయట పడింది. ఆ తర్వాత సత్తార్ తలతో కొట్టినాడు.

ఒకటి సున్నా. ఓడిపోయినాం. కప్పు ఇచ్చేదానికి ఎవరూ లేరు, రిఫరీనే చేతికిచ్చినాడు.

బస్టాండులో మా బస్సు కాడ సత్తార్ కనపడినాడు. వాని వెనకాల వాళ్ల టీమంతా, ఇంకా ఆట బట్టల్లోనే.

“ముద్దనూరు దాకా మేమూ వస్తాం” అన్నాడు.

“ఎందుకప్పా? మళ్లీ తిరిగి రావాల గదా.”

“ఊరికే. గాలి తిరిగింది, బాగుంటాది.”

బస్సెక్కి వాళ్లు కిటికీల పక్క సీట్లన్నీ పట్టుకున్నారు. మా పిల్లోళ్లను లోపలి సీట్లలోకి జరిపినారు. నేను కిటికీ కాడ కూచోబోతే సత్తార్ నా భుజం పట్టి ఇవతలికి లాగి తాను కూచున్నాడు. ఎందుకో అప్పటికి అర్థమైంది. దావలో ప్రతి ఊరి కాడా బస్సు ఆగినప్పుడల్లా వాడు తల బయట పెట్టి తెలిసినోళ్లను గట్టిగా పలకరించినాడు, ఈ బస్సులో నేనుండా అని అందరికీ తెలిసేటట్లు.

ఒకసారి నాతో అన్నాడు: “మొన్న మీరు గెలిచినరోజు నిద్ర పట్టలే సార్ నాకు. ఉరకకుండా ఎట్ల గెలిచినారా అని.”

నీడ సంగతి చెప్పినా. ముద్దనూరు దాకా అదే మాట్లాడుకున్నాం. రైలు స్టేషన్ కాడ వాళ్లు దిగి, ఎదురు బస్సు కోసం దావకు అవతల పక్క నిలబడినారు. మా బస్సు మలుపు తిరిగేదాకా ఎవురూ కూచోలే.

మే 18, మంగళవారం

స్కూలు గోడ మీద నా పేరు రాసినారు. పక్కన రాసిన మాట ఇక్కడ రాయను.

కరుణ తడిగుడ్డతో తుడిచొచ్చింది. ఒక్కతే పోయింది, పట్టపగలు. నన్ను రావద్దనింది.

మే 20, గురువారం

పోలీసులు పిలిచినారు. కరుణ లీవు పెట్టి నా వెంట వచ్చింది, వరండాలో కూచుంది.

ఇన్‌స్పెక్టరు మర్యాదగానే మాట్లాడినాడు. గ్రౌండులో మంచి పని చేసినావన్నాడు. రాసుకునేటాయన రాసుకుంటాండాడు. అన్నీ అడిగినాక, కాగితాలు సర్దుకుంటా, “ఆ ఇద్దరినీ అదే మొదటిసారి చూడడం, అంతే గదా?” అన్నాడు.

అవునంటే చాలు. ఆయనే మాట అందిస్తాండాడు. ఇంటికి పోవచ్చు.

“కాదు సార్. ముందే చూసినా. మే ఒకటో తేదీ. మా బనీన్లు ఏసుకోని మాతో పాటే లారీలో వచ్చినారు. లింగాల తోట దాకా నేనే డ్రైవరు పక్కన కూచోని తీసకపోయినా. ఆ రాత్రే తోట పక్కూర్లో లక్ష్మీకాంతమ్మ చెయ్యి పోయింది.”

రాసేటాయన పెన్ను ఆగింది.

“అప్పుడు నీకు తెలుసా?”

“తెలీదు. తర్వాత తెలిసింది. తెలిసినా తెలీనట్లే ఉన్యా కొన్నాళ్లు. అది కూడా రాయండి.”

ఇన్‌స్పెక్టరు లేసి తలుపు దగ్గరికేసినాడు. మళ్లీ వచ్చి కూచోని, గొంతు తగ్గించి, లారీ ఎవరిదని అడిగినాడు.

చెప్పినా. ఇంటిపేరుతో సహా.